తొమ్మిది పిక్సెళ్ల జలాంతర్గామి

మొన్న ఆదివారం భోజనాలయ్యాక మా మేనకోడలు ల్యాప్‌టాప్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. “మామయ్యా, ఆర్కే బీచ్ మూడో వంతు పోయింది, చూడు” అంది.

ఆ పిల్ల ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉంది. ప్రాజెక్టుకు విశాఖ తీరం కోతను అంశంగా తీసుకుంది. జూపిటర్ నోట్‌బుక్‌లో, అంటే కోడూ రాతా బొమ్మలూ సెల్ అనే గడుల్లో ఒకే పేజీలో ఉండే ఫైల్లో, ఒకదాని కింద ఒకటిగా రెండు ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. పైది 2017 నాటిది, కిందిది 2023 నాటిది. రెండూ సెంటినెల్-2 తీసినవే. పై బొమ్మలో ఇసుక పట్టీ నిండుగా ఉంది, కింది బొమ్మలో చిక్కిపోయింది. ఊరికే కంటితో చూసి చెప్పలేదు, పెన్సిల్ డబ్బాలోని ప్లాస్టిక్ స్కేలు తెర మీద పెట్టి కొలిచింది కూడా. పైన నాలుగు మిల్లీమీటర్లు, కింద రెండున్నర పైచిలుకు.

నేనూ ఒక నిమిషం నమ్మాను. నమ్మడానికి ఈ ఊళ్లో కారణాలకు కొదవ లేదు. మా తీరంలో ఇసుక ఏడాది మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. 1970లలో డాల్ఫిన్ నోస్ కొండ దగ్గర ఔటర్ హార్బర్ గోడలు లేచాక ఆ నడకకు అడ్డు పడింది. అందుకే డ్రెడ్జర్లు తవ్వి తీసిన ఇసుకను తెచ్చి బీచ్ వైపు పోయించడమనే పని ఒకటి ఏళ్ల తరబడి సాగుతోంది. ఆపైన 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి మీదుగానే తీరం దాటింది. ఆనాటి నుంచి ఆ ఒడ్డును అనుమానంగా చూడడం మాకు అలవాటైపోయింది. ఇలాంటి ఊళ్లో ‘బీచ్ మూడో వంతు పోయింది’ అంటే ఎదురు ప్రశ్న వేసేవాడుండడు. నేను భయపడేది సరిగ్గా అక్కడే. అందరూ ముందే నమ్మిన మాటను తప్పు బొమ్మ కూడా హాయిగా రుజువు చేసేస్తుంది.

అప్పుడు నా కన్ను కురుసుర మీద పడింది.

విశాఖ వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్ల కోసం చెబుతున్నాను. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి. 2002 నుంచి ఆర్కే బీచ్ ఇసుకలో మ్యూజియంగా నిలబడి ఉంది. పొడవు 91 మీటర్లు. సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో పిక్సెల్ నేల మీద పది మీటర్లు కాబట్టి, అంతటి జలాంతర్గామికి దక్కేది తొమ్మిది పిక్సెళ్లు. దాని అడ్డం ఒక పూర్తి పిక్సెల్‌కు కూడా చాలదు. అయినా తెల్లటి ఇసుక పక్కన నల్లటి ఒడలు కాబట్టి చిన్న కాటుక గీతలా ఆనవాలు దొరుకుతుంది.

“ఆ గీతను కొలువు” అన్నాను. పై బొమ్మలో ఆరు మిల్లీమీటర్లు. కింది బొమ్మలో నాలుగు.

“మరి జలాంతర్గామిని కూడా సముద్రం మూడో వంతు కొరికేసిందా?” అన్నాను.

పిల్ల నవ్వలేదు. స్కేలు మళ్లీ పెట్టి చూసుకుంది.

జరిగింది ఇది. మొదటి చిత్రం నుంచి తను అడ్డంగా 200 పిక్సెళ్లు, అంటే రెండు కిలోమీటర్ల ముక్క కోసింది. రెండోసారికి ఈశాన్యం వైపు ఇంకాస్త ఉంటే బాగుంటుందనిపించి 300 పిక్సెళ్లు కోసింది. రెంటినీ బొమ్మలు గీసే పైథాన్ లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో, చిత్రాన్ని చూపించే ఇమ్‌షో అనే ఆదేశానికి అప్పగించింది. సైజు గురించి ఏమీ చెప్పలేదు. చెప్పకపోతే మ్యాట్‌ప్లాట్‌లిబ్ 6.4 అంగుళాలు అడ్డం, 4.8 అంగుళాలు నిలువుగల కాగితం ఒకటి ఊహించుకుని, అంగుళానికి 100 చుక్కల చొప్పున గీస్తుంది. (పిక్సెల్ అనే మాటను ఉపగ్రహ చిత్రానికి ఉంచుకుని, తెర మీది పిక్సెల్‌ను చుక్క అంటున్నాను. రెంటికీ ఒకే మాట వాడడం వల్లే సగం గందరగోళం.) అంచుల ఖాళీ పోను బొమ్మకు మిగిలే అడ్డం 496 చుక్కలు. ఆ జాగాలో 200 పిక్సెళ్లు పరిస్తే ఒక్కో పిక్సెల్‌కు దాదాపు రెండున్నర చుక్కలు వస్తాయి. 300 పరిస్తే ఒకటిన్నర కాస్త దాటుతుంది. అరవై మీటర్ల ఇసుక, అంటే ఆరు పిక్సెళ్లు, మొదటి బొమ్మలో 15 చుక్కల వెడల్పున, రెండో బొమ్మలో పది చుక్కల వెడల్పున కనిపించింది. బీచ్ ఎక్కడికీ పోలేదు. కోసిన ముక్క పెద్దదైంది, అంతే.

తప్పు ఆ పిల్లదని నేననను. ఎక్కడా ఎర్ర అక్షరాలతో హెచ్చరిక రాలేదు. రెండు బొమ్మలూ ఒకే వెడల్పున చక్కగా బారు తీరి కూర్చున్నాయి. చూడముచ్చటగా ఉన్నాయి కూడా. ఆ చూడముచ్చటే ముంచింది.

నోట్‌బుక్‌లో బొమ్మ సైజును లెక్కలో భాగంగా చూడాలన్నది నా పట్టుదల. చాలామందికి అది ఆఖర్న చేసే సర్దుడు పని. పెళ్లి పందిట్లో కుర్చీలు సర్దినట్టు, అసలు తంతు అంతా అయ్యాక ఎవరో ఒకరు చూసుకుంటారులే అనుకుంటారు. సైజు నువ్వు చెప్పకపోతే చెప్పేవాళ్లు వేరే ఉన్నారు. ప్లాట్ గీసే లైబ్రరీ ఒకటి చెబుతుంది, నోట్‌బుక్ సెల్ ఒకటి చెబుతుంది, బ్రౌజర్ ఒకటి చెబుతుంది, పీడీఎఫ్‌గా మార్చే యంత్రాంగం ఇంకొకటి చెబుతుంది. నీ బీచ్ ఎంత వెడల్పో వీళ్లలో ఒక్కరికీ తెలియదు.

కాస్త ఓపిక పడితే, ఇందులో మూడు వేర్వేరు సైజులు కలగాపులగంగా ఉన్నాయని తెలుస్తుంది. డేటాలో ఎన్ని పిక్సెళ్లున్నాయన్నది ఒకటి. గీసినప్పుడు ఎన్ని చుక్కల బొమ్మ తయారైందన్నది రెండోది. ఆ తయారైన బొమ్మను పేజీలో ఎంత వెడల్పున చూపిస్తున్నామన్నది మూడోది. దోసె వేసేవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. గరిటెలో పిండి ఎంత, పెనం మీద ఎంత మేర తిప్పావు, ఏ పళ్లెంలో పెట్టావు. పెద్ద పళ్లెంలో పెట్టినంత మాత్రాన పిండి పెరగదు. చిన్న పళ్లెంలో మడిచి పెట్టినా తగ్గదు. నోట్‌బుక్‌లో మాత్రం పళ్లెం మార్చి పిండి మారిందని, పిండి తగ్గించి పళ్లెమే మార్చానని అనుకునేవాళ్లను రోజూ చూస్తుంటాను. ఆ రెండు తప్పులూ నేనూ చేశాను.

మొదటిది డేటా పోగొట్టుకునే తప్పు. సెంటినెల్-2 చిత్రం ఒక పలకగా వస్తుంది. పిక్సెల్‌కు పది మీటర్ల చొప్పున ఆ పలక అడ్డం 10,980 పిక్సెళ్లు, నిలువు 10,980 పిక్సెళ్లు. మొత్తం పలకను ఏమీ చెప్పకుండా ఇమ్‌షోకు ఇచ్చారనుకోండి. చదరపు బొమ్మ కాబట్టి నిలువు జాగాకు సరిపెడుతుంది. ఆ జాగా 370 చుక్కలు. ఒక్కో చుక్క కిందికి ముప్ఫై ముప్ఫైలుగా సుమారు 880 పిక్సెళ్లు చేరతాయి. వాటిని కలిపి సగటు తీసో, వాటిలో ఒకదాన్ని ఏరుకునో లైబ్రరీ ఆ చుక్క వేస్తుంది. ఒక చుక్క అంటే నేల మీద దాదాపు 300 మీటర్లు. కురుసుర మొత్తం కలిసి చుక్కలో మూడో వంతు కూడా కాదు. ఆర్కే బీచ్ ఇసుక పట్టీ కూడా అంతే, ఉన్నట్టా లేనట్టా అన్నట్టు ఉంటుంది.

“అయితే ఏముంది, చూసేవాళ్లు పెద్దది చేసుకుని చూస్తారు కదా” అని వాదించే మిత్రుడు ఒకడున్నాడు. చూడలేరు. నోట్‌బుక్‌లో దాచుకున్నది ఆ 370 చుక్కల పీఎన్‌జీ బొమ్మ మాత్రమే. బ్రౌజర్‌లో ఎంత పెద్దది చేసినా అవే చుక్కలు గడులు గడులుగా ఉబ్బుతాయి. గీసేటప్పుడు పారేసిన తొమ్మిది పిక్సెళ్లు మళ్లీ రావు. ఫిగ్‌సైజ్ (ఊహా కాగితం కొలత) పెంచి, లేదా కావలసిన ముక్క మాత్రం కోసి, మళ్లీ గీస్తేనే వస్తాయి.

రెండో తప్పు దీనికి పూర్తిగా తిరగేసినది. కొన్నేళ్ల కిందట ఒకరి కోసం తీరం వెంబడి తీసిన ఫోటోలతో ఒక నోట్‌బుక్ తయారు చేశాను. ఫోనుతో తీసినవి డజను ఫోటోలు, ఒక్కొక్కటి అయిదు మెగాబైట్ల పైమాటే. పేజీలో అవి భారీగా పరుచుకుంటున్నాయని, చూపించే ప్రతి చోటా విడ్త్ 300 అని రాశాను. బొమ్మలు ముద్దుగా పోస్టుకార్డుల్లా సర్దుకున్నాయి. చిన్నవైపోయాయి కదా అని ధీమాగా పంపించాను. అవతలి మనిషి భీమిలి దగ్గర ఒడ్డున నిలబడి, ఫోనులో అది తెరుచుకోక, నాకు ఫోను చేసి పది నిమిషాలు మర్యాదగానే తిట్టాడు.

విడ్త్ అన్నది పళ్లెం మాత్రమే. ఫోటో మొత్తం ఎప్పటిలా ఫైల్లోనే ఉంటుంది. నోట్‌బుక్ ఫైలు లోపల అంతా అక్షరాలే కాబట్టి బొమ్మను కూడా అక్షరాలుగా మార్చి కుక్కుతారు. దీన్ని బేస్64 అంటారు. మూడు బైట్ల బొమ్మకు నాలుగు అక్షరాలు పడతాయి. అంటే అరవై మెగాబైట్ల ఫోటోలు ఫైల్లోకి చేరేసరికి ఎనభై అవుతాయి. నేను చిన్నవి చేశాననుకున్న ఫోటోలను నిజానికి లావు చేసి పంపాను. ముందే పిల్లో అనే ఫోటోల లైబ్రరీతో వాటిని ఆరేడు వందల పిక్సెళ్లకు కుదించి, ఆ కుదించినవాటిని నోట్‌బుక్‌లోకి తెచ్చి ఉంటే ఆ తిట్లు తప్పేవి.

ఈ రెండు తప్పులూ తెర మీద ఒకేలా కనిపిస్తాయి. రెండు చోట్లా చిన్న బొమ్మే కనబడుతుంది. ఒకదాని వెనక ఏమీ మిగలలేదు, ఇంకొకదాని వెనక కొండంత బరువు దాగి ఉంది. తేడా బొమ్మను చూసి చెప్పలేం. అది ఎలా చిన్నదైందో రాసిన సెల్‌ను చూస్తేనే చెప్పగలం.

ఇక నోట్‌బుక్‌లో తేలికైన గుర్తులతో రాత రాసుకునే మార్క్‌డౌన్ సెల్ దగ్గరికి వస్తే నా ఓపిక తక్కువే. జాన్ గ్రూబర్ 2004లో మార్క్‌డౌన్ తెచ్చినప్పుడు బొమ్మ కొలతలు చెప్పడానికి అందులో ఏ పద్ధతీ పెట్టలేదు. కావలసినవాళ్లు వెబ్ పేజీల భాష హెచ్‌టీఎంఎల్‌లోని ఇమ్‌జీ ట్యాగ్ వాడుకోమని తనే రాశాడు. వెబ్‌లో వ్యాసాలు రాసుకునేవాళ్లకు అది సబబైన నిర్ణయమే, అక్షరం ముఖ్యం కాబట్టి. బొమ్మే సాక్ష్యమైన నోట్‌బుక్‌కు అదే భాష వచ్చి చేరింది. దాంతో ఇప్పటికీ పిల్లలకు నేర్పేటప్పుడు, బొమ్మ పెట్టడానికి ఒక పద్ధతి, ఆ బొమ్మనే ఇంత వెడల్పున పెట్టడానికి పూర్తిగా వేరే పద్ధతి చెప్పాల్సి వస్తోంది. చెబుతూ రెండు జాగ్రత్తలు కలుపుతాను. అడ్డమో నిలువో ఒక్కటే ఇవ్వండి. రెండూ ఇచ్చి లెక్క తప్పితే డాల్ఫిన్ నోస్ కొండ కాస్తా దిబ్బ అవుతుంది. రెండోది, కొలతను ఆ ట్యాగ్‌లోని స్టైల్‌లో దాచకండి, విడ్త్‌గానే రాయండి. నోట్‌బుక్‌ను కోడు పంచుకునే గిట్‌హబ్‌లో పెడితే స్టైల్‌ను భద్రత పేరుతో వడగట్టేస్తారు, విడ్త్ మాత్రం బతికి బయటపడుతుంది.

అసలు ఈ అంగుళాల గొడవ ఎక్కడిదని ఒకసారి ఆలోచించాను. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌ను 2003లో బయటికి తెచ్చిన జాన్ హంటర్ నాడీశాస్త్ర పరిశోధకుడు. పరిశోధకుల బొమ్మలు చివరికి చేరేది పత్రికలోని కాగితం మీదికి. కాగితం మీద అంగుళమంటే అంగుళమే. తెర మీద ఆ హామీ లేదు. బ్రౌజర్ తన అంగుళాన్ని 96 భాగాలుగా లెక్కేసుకుంటుంది. మ్యాట్‌ప్లాట్‌లిబ్ 100 అంటుంది. చేతిలోని ఫోను ఇద్దరి మాటా వినదు. అందుకని ఫిగ్‌సైజ్‌లో రాసే అంకెను నేను అంగుళాలుగా ఎన్నడూ అనుకోను. డీపీఐతో, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో ఆ అంకెతో, గుణించాక ఎన్ని చుక్కలన్నదే చూసుకుంటాను.

మ్యాథమాటికా అనే గణిత సాఫ్ట్‌వేర్ వాడిన మిత్రులు ఈ పాటికి ముసిముసిగా నవ్వుకుంటూ ఉంటారు. నోట్‌బుక్ అన్న రూపమే 1988లో వాళ్ల దగ్గర పుట్టింది. అక్కడ బొమ్మ మూల పట్టుకుని మౌస్‌తో లాగితే చాలు. లాగిన సైజును ఆ సెల్ గుర్తుంచుకుంటుంది. మళ్లీ గీయించినా మామూలుగా అదే సైజులో గీస్తుంది. చూపించే కొలతకు ఇమేజ్‌సైజ్, అసలు పిక్సెళ్లను మార్చడానికి ఇమేజ్‌రీసైజ్ అని రెండు పేర్లు విడివిడిగా ఉన్నాయి. పళ్లెం వేరు, పిండి వేరు అని భాషలోనే తేల్చేశారన్నమాట. ఈ విషయంలో వాళ్లకు దండం పెట్టాల్సిందే. చేత్తో లాగడం మీద మాత్రం నాకు గురి లేదు. ఎందుకు అంత సైజు అన్న ప్రశ్నకు ‘చూడ్డానికి బాగుంది’ తప్ప జవాబుండదు. మా పిల్ల చిక్కుకున్నదీ ఆ మాట దగ్గరే.

ఆ రోజు మేమిద్దరం కూర్చుని చేసిన పని చెబుతాను. బొమ్మకు సైజు ఇవ్వడం మానేసి, పిక్సెల్‌కు సైజు ఇచ్చాం. ఒక్కో పిక్సెల్‌కు మూడు చుక్కలు అని ముందే తేల్చుకున్నాం. 200 పిక్సెళ్ల ముక్కకు 600 చుక్కలు, డీపీఐ 100 కాబట్టి ఆరు అంగుళాలు. 300 పిక్సెళ్ల ముక్కకు తొమ్మిది అంగుళాలు. అంచుల ఖాళీ తీసేసి బొమ్మను కాగితం నిండా పరిచాం. కింది బొమ్మ పైదానికంటే వెడల్పుగా, పేజీలో ఎబ్బెట్టుగా తయారైంది. కానీ రెండు బొమ్మల్లోనూ కురుసుర 27 చుక్కలే.

ఇక అయిపోయిందనుకున్నాం. పిల్ల బ్రౌజర్ కిటికీని సగానికి కుదించి పక్కన తన రిపోర్టు తెరిచింది. నోట్‌బుక్ తెరిచే జూపిటర్‌ల్యాబ్‌లో బొమ్మ తన జాగా కంటే వెడల్పుగా ఉంటే దాన్ని జాగాకు నొక్కేస్తుంది. 900 చుక్కల బొమ్మ నొక్కుకుపోయింది, 600ది కదల్లేదు. మళ్లీ మొదటికొచ్చింది. సరే, రిపోర్టు ఎలాగూ పీడీఎఫ్‌గా ఇవ్వాలి కదా అని మార్చి చూశాం. అక్కడ ఇంకా ఘోరం. నోట్‌బుక్‌ను లాటెక్ అనే అచ్చు కూర్పు వ్యవస్థ మీదుగా పీడీఎఫ్ చేసేటప్పుడు బొమ్మ వరుస వెడల్పులో 90 శాతం దాటకుండా హద్దు ఉంటుంది. మా రెండు బొమ్మలూ ఆ హద్దు దాటినవే. రెండూ కుదించుకుని సరిగ్గా ఒకే వెడల్పుకు వచ్చి కూర్చున్నాయి. ఆదివారం మధ్యాహ్నం తెచ్చిన అబద్ధం, సాయంత్రానికి అచ్చులో.

ముక్కలు రెండూ ఒకే కొలతకు కోస్తే ఈ చిక్కు పోతుంది కదా అనవచ్చు. ఈ రెండు బొమ్మలకు పోతుంది, మేమూ చివరికి అదే చేశాం. రేపు ఎవరో ఒకదాన్ని మాత్రం తీసుకెళ్లి స్లైడులో పెద్దది చేసి అతికిస్తారు. అందుకే కొలతను బొమ్మ బయట నమ్ముకోకూడదని నాకు ఆ సాయంత్రం గట్టిగా అనిపించింది. బొమ్మ లోపల, ఒక మూల, 500 మీటర్లకు సమానమైన గీత గీయించాను. యాభై పిక్సెళ్ల గీత. బొమ్మను ఎవరు నొక్కినా, లాగినా, ఫోనులో తిప్పినా ఆ గీత కూడా దాంతోపాటే నొక్కుకుంటుంది, సాగుతుంది. అసలు సైజు గురించి ఇంత రాసి చివరికి సైజును అదుపు చేయలేమని ఒప్పుకున్నట్టే అయింది. ఒప్పుకుంటున్నాను. గీసేవాడి చేతిలో ఉన్నంత వరకు అదుపు చేయాలి, చెయ్యి దాటాక ఏమవుతుందో తెలుసు కాబట్టి గీత పెట్టాలి.

ఊరికే గీసి చూసుకునే బొమ్మలకు ఇదంతా అనవసరం. రోజూ నేను గీసే వంద బొమ్మల్లో తొంభైకి 6.4, 4.8లే గతి. ఎవరికీ చూపించను కాబట్టి పర్వాలేదు.

“అయితే బీచ్ పోలేదా?” అంది పిల్ల, నిరాశ దాచుకోకుండా. ప్రాజెక్టులో మంచి వాక్యం ఒకటి చేజారిపోయింది పాపం.

ఈ రెండు బొమ్మలు చూసి చెప్పలేమన్నాను. రెంటిలోనూ ఇసుక ఆరు పిక్సెళ్లే వస్తోంది. ఒక పిక్సెల్ అటూ ఇటూ అంటే పది మీటర్లు. పైగా ఉపగ్రహం దాటే వేళకు ఆటు ఉందో పోటు ఉందో చూడాలి. ఒడ్డు వాలు ఇరవైకి ఒకటి అనుకుంటే, నీరు మీటరు లేస్తే ఇరవై మీటర్ల ఇసుక మునుగుతుంది. అంటే రెండు పిక్సెళ్లు. మూడో వంతు పోవడానికి కోత అక్కర్లేదు, సరైన వేళకు పోటు వస్తే చాలు.

పొద్దువాలాక ఇద్దరం బీచ్ రోడ్డుకు నడిచాం. మొక్కజొన్న పొత్తుల బండ్ల దగ్గర పొగ, ఎప్పటి ఆదివారం జనమే. కురుసుర ముక్కు దగ్గర చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడి, తోక వైపు అడుగులు లెక్కపెడుతూ బయల్దేరింది పిల్ల. నేను అక్కడే నిలబడి వేరుశనగలు తింటున్నాను. దూరంగా చెయ్యి ఊపి అరిచింది, గాలికి సగమే వినబడింది. దగ్గరికొచ్చాక చెప్పింది, నూట ఇరవై రెండు అడుగులట. ఫోను తీసి 91ని 122తో భాగించుకుని, “నా అడుగు ముప్పావు మీటరు” అంది. అక్కడి నుంచి నీటి అంచు వైపు తిరిగి, మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.